ఫిర్మీనక్కకు కొట్టిన గంట

మా పల్లె వెర్నుసోల్‌లో పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీ రెక్కలు తెరవకపోతే ఆ మనిషి పోయినట్టే లెక్క. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన స్తంభం మీద ఇరవై తొమ్మిది పేర్లున్నాయి. ఊళ్ళో మిగిలింది మాత్రం పదకొండు మందిమి. చర్చి గంట తాడు నలభై ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. ఎవరు పోయినా కొట్టేది నేనే. మరి నేను పోతే ఎవరు కొడతారు? ఈ దిగులు నన్ను తినేస్తోంది. మేయరుతో చెప్పుకుంటే, "కరెంటు గంట పెట్టిద్దాంలే లెయోన్స్" అన్నాడు. స్విచ్చి నొక్కడానికైనా ఒక మనిషి ఉండాలి కదా, తెలివిమాలినవాడు!

ఆ మంగళవారం తొమ్మిదైనా ఫిర్మీనక్క కిటికీలు తెరుచుకోలేదు. ముందురోజే ఆసుపత్రి బండి వచ్చి ఆమెను ఎక్కించుకుపోవడం కళ్ళారా చూశాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఇంకేముంది అనుకున్నాను. తలుపు తట్టి చూడొచ్చు కదా అంటారేమో. జవాబు రాదేమోనని భయమేసి తట్టలేదు. నేరుగా వెళ్ళి, ఆడవాళ్ళకు కొట్టినట్టే రెండేసి దెబ్బలు మూడుసార్లు కొట్టి, చర్చి మెట్ల మీద కూలబడ్డాను.

అరగంట తర్వాత, బట్టలుతికే పాత రేవు పక్కనుంచి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ ఆమె వచ్చింది.

"ఒరేయ్ లెయోన్స్! నన్నెప్పుడు పాతిపెడుతున్నావురా?"

"అక్కా... నిన్న ఆ బండి..."

"కంట్లో శుక్లం తీయించుకోడానికెళ్ళాన్రా వెధవా! సాయంత్రమే దింపేశారు. వెలుతురు తగలకూడదన్నారని కిటికీలు మూసుకున్నా. గంట వినబడింది. పాపం, ఎవరో ఆడమనిషి పోయిందనుకున్నా. ఊళ్ళో ఆడవాళ్ళం ముగ్గురమే కదా! తలుపు సందులోంచి చూస్తే మిగతా ఇద్దరూ వాళ్ళ వాళ్ళ కిటికీల్లో కనబడ్డారు. అప్పుడర్థమైంది, పోయింది నేనేనని."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అక్కడే నిలబడి చూశాన్రా, ఎవరైనా వస్తారేమోనని. రొట్టెల బండి వచ్చింది. హారన్ కొట్టి పోయింది. అంతే."

"ఎవ్వరూ రాలేదా?"

"నువ్వు మాత్రం వచ్చావా? గంట కొట్టినోడివి, నువ్వైనా రావాలా వద్దా?"

నాకు సిగ్గేసింది. ఆమె పోయిందనుకున్న ఆ అరగంటా నేను ఏడ్చింది నాకోసమే.

"నా దిగుల్లో నేనున్నానక్కా. నాకెవరు కొడతారా అని."

ఆమె కర్ర నా చేతికిచ్చి లోపలికి వెళ్ళి, రెండు చేతులా తాడు పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. పైన చప్పుడే లేదు. ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నావల్ల కాదురా. గంట సంగతి వదిలేయ్. నువ్వు పోతే వచ్చి నీ పక్కన కూర్చుంటా. సరేనా?"

నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దదామె.

"సరే అక్కా" అన్నాను. ఏడుపు ఆగలేదు.