తవుడుకి కొన్న పిల్ల

బుల్లమ్మకి కాలు ఒకచోట నిలవడం లేదు. విజయనగరం ఆసుపత్రి వరండాలో పన్నెండు రోజులుగా ఇదే వరస. ఏడో నెలలోనే పుట్టేసిన కూతురు లోపల గాజుపెట్టెలో, రెండు బల్బుల వేడి కింద, దూదిలో చుట్టి ఉంది. మూడు పౌన్లు కూడా తూగలేదు. బుల్లమ్మ పాలు పిండి ఇస్తే నర్సు భాగ్యవతి సన్నని గొట్టంతో చుక్కచుక్కగా పిల్లకి పడుతోంది. బుల్లమ్మ తలుపు దాకా వెళ్తుంది, పిల్ల పొట్ట కదిలిందో లేదో అద్దంలోంచి చూస్తుంది, వెనక్కొస్తుంది, కూర్చోకుండానే మళ్లీ వెళ్తుంది.

లోపలికి రమ్మని భాగ్యవతి ఎన్నిసార్లు పిలిచినా గడప దాటలేదు. అంతకుముందు ఇద్దరు కొడుకులు నెల తిరక్కుండా ఆమె ఒళ్లోనే పోయారు. తన చెయ్యి మంచిది కాదని ఆమెకి గట్టి నమ్మకం. ఆ మాట మొగుడు కూర్మయ్యకి కూడా చెప్పలేదు. కోతల ముందు ముసురు పట్టిందని అతను చీపురుపల్లి దగ్గర పొలంలోనే ఉండిపోయాడు.

అత్త జగ్గమ్మ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. నిన్న కొంగున తవుడు మూటకట్టుకుని దిగింది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో అదొక ఆనవాయితీ. బిడ్డని గుప్పెడు తవుడుకి పరాయివాళ్లకి అమ్మేస్తారు. ఆపైన తల్లి 'నా పిల్ల' అనకూడదు, ఊరివాళ్ల బిడ్డని సాకినట్టు సాకాలి. అప్పుడు పిల్లల్ని ఎత్తుకుపోయే పీడకి ఇల్లు తెలియకుండా పోతుంది. మామూలుగా పొరుగింటావిడ కొంటుంది. ఆసుపత్రిలో పొరుగంటే నర్సే కదా!

“నర్సమ్మా, సెయ్యి సాపు,” అంటూ భాగ్యవతి దోసిట్లో తవుడు పోసింది జగ్గమ్మ. “ఇది నాకిచ్చీసి, పిల్లని కొనుక్కున్నానని అను.”

“అవతల సూదులెయ్యాలి నేను!”

“అంటే నోట్లో ముత్యాలేటి రాలిపోతాయా?”

“కొనుక్కున్నాను. చాలా?” తవుడు ముసలమ్మ కొంగులో పోసేసి భాగ్యవతి చేతులు కడుక్కుంది.

ఇవాళ మధ్యాహ్నం గాలీవానకి కరెంటు పోయింది. బల్బులు ఆరిపోయాయి. భాగ్యవతి పిల్ల పక్కన వేడినీళ్ల సంచి పెట్టింది, అది కాస్తా చిల్లిపడి కారింది. జగ్గమ్మకి అదే అదను.

“దీపం నేని పెట్టెలో పిల్లకేటి పని? ఇచ్చీ. మూడింటి రైలుకి ఎల్లిపోయి కుంపటికాడ పెట్టుకుంటాం.”

“ఈ వానలో స్టేషను దాకా కూడా బతకదు. పంపను.”

“మా పిల్లని ఆపడానికి నువ్వెవర్తివే?”

“మీ పిల్లేమిటి? నిన్న నాకు అమ్మలేదూ? నేను చెప్పినప్పుడే కదుల్తుంది. కాదంటే అమ్మకమే లేదని చెప్పి తీసుకుపో.”

అమ్మకం లేదంటే పీడకి మళ్లీ దారి చూపినట్టే. జగ్గమ్మ గొణుక్కుంటూ పోయి గోడవారన కూలబడింది.

భాగ్యవతి అప్పటికే పిల్లని పెట్టెలోంచి తీసింది. పాదాలు నీలంగా తిరిగాయి.

“బుల్లమ్మా, రా. రవికె విప్పి గుండెలకి ఆనించుకో. నీ ఒంటి వేడి తప్ప ఇప్పుడింకేం లేదు.”

బుల్లమ్మ గడప అవతలే చేతులు వెనక్కి దాచుకుంది. “నా సెయ్యి మంచిది కాదమ్మా. ఇద్దరు నా సేతుల్లోనే పోయేరు.”

“వాళ్లు నీ పిల్లలు. ఇది నా పిల్ల. నా పిల్లని నీ చెయ్యేం చేస్తుంది? పట్టుకో!”

బుల్లమ్మ గడప దాటింది. చన్నీళ్లలోంచి తీసినట్టున్న ఆ పిడికెడు ఒంటిని రొమ్ముల మధ్య పెట్టుకుని, పైన చీరకొంగు, ఆపైన దుప్పటి కప్పుకుంది. ఊపిరి ఆడుతోందా అని క్షణక్షణం కొంగు తొలగించి చూసింది. ఎంతసేపటికో పాదాల నీలం విరిగి ఎరుపు తిరిగింది. పిల్ల పెదవులు చప్పరించింది. బుల్లమ్మకి ఏడుపు పొంగుకొచ్చింది, పిల్ల కదిలిపోతుందని ఆపుకుంది.

వాన వెలిసింది. బల్బులు వెలిగాయి. పెట్టె వేడెక్కాక భాగ్యవతి పిల్లకోసం చేతులు చాపింది.

బుల్లమ్మ దుప్పటి మరింత దగ్గరికి లాక్కుంది.

“ఇంకాస్సేపు ఉండనీ అమ్మా,” అని బతిమాలుకుంది. “నీ పిల్లని నానేటీ సెయ్యను.”