తిప్పిన చెయ్యి, తట్టిన చెయ్యి

ఆ ల్యాబులో అందరూ ఆమెను పెంకుల డాక్టరు అంటారు. ఆమె రోగులు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కుండలు. తవ్వకాల్లో దొరికిన పెంకును రంపంతో కోసి, గాజు పలకకు అతికించి, వెంట్రుక కంటే సన్నగా అరగదీసి, మైక్రోస్కోపు కింద చూసి ఆ కుండ ఎలా తయారైందో చెప్పడం ఆమె పని. ఆమె చెప్పిందంటే తిరుగుండదని పేరు. ఈసారి ఆ పేరే పీకలమీదికి వచ్చింది.

సంగతేమిటంటే, పద్నాలుగు పెట్టెల పెంకుల్లో మూతి ముక్కలది ఒక కథ, అడుగు ముక్కలది ఇంకో కథ. మూతి ముక్కల మట్టిలో సన్నటి గాలి సందులు ఏటవాలుగా ఉన్నాయి. కుమ్మరి సారె మీద తిప్పుతూ పైకి లాగిన మట్టిలో అలాగే ఉంటాయి. అడుగు ముక్కల్లో ఆ సందులు గోడ వెంట అణిగిపోయి ఉన్నాయి. అది కొట్టి చేసిన మట్టి. కాబట్టి ఇవి రెండు చోట్ల చేసిన రెండు రకాల కుండలు అని తేల్చింది. రెండింట్లోనూ ఇసుక రేణువులు ఒకేలా ఉండటం ఆమెను కాస్త తొలిచింది గానీ, పట్టించుకోలేదు. రెండు చోట్ల కుండలు ఒకే పెట్టెలో ఉన్నాయంటే, వేరు వేరు తవ్వకపు గోతుల పెంకుల్ని ఎవరో కలిపేసినట్టే.

ఎవరో ఏమిటి, పెట్టెలు సర్దింది చీటీల మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళుగా తవ్వకాల మేస్త్రీ ఆయనే. దొరికిన ప్రతి ముక్కకూ ఒక చీటీ కడతాడు. తన గొడుగుకీ, టీ ఫ్లాస్కుకీ కూడా చీటీలున్నాయి. అలాంటి మనిషి శుక్రవారం రిటైరవుతున్నాడు. శుక్రవారమే ఆమె రిపోర్టు ఇవ్వాలి. అందులో 'పెట్టెలు కలిసిపోయాయి' అన్న ఒక్క ముక్క చాలు, ముప్ఫై ఏళ్ళ మంచిపేరు మట్టిలో కలవడానికి.

మంగళవారం ఆయన్ని పిలిచి నీళ్ళు నములుతూ చెప్పింది.

"నేను కలపలేదు మేడమ్," అన్నాడాయన. "కలిపానని మీకు తేలితే మాత్రం రాసెయ్యండి. నా మొహం చూసి మానెయ్యొద్దు."

తిట్టినా బాగుండేది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, పగిలిన కుండను మట్టిలోంచి చెదరకుండా ఎత్తడం ఆమె చేతులు పట్టుకుని నేర్పింది ఆయనే. ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

మరునాడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. పదకొండింటికి అత్తగారు అది పట్టుకుని ల్యాబుకి వచ్చారు.

"ఈ కళ్ళజోడు నీ ముక్కు మీద కంటే నా సంచీలోనే ఎక్కువ ఉంటోందమ్మాయ్," అంటూ కుర్చీలో కూలబడ్డారు. అంతలో ఆవిడ చూపు బల్ల మీది అడుగు ముక్క మీద పడింది. "ముట్టుకోవచ్చా?"

"జాగ్రత్త అత్తయ్యా."

ఆవిడ పెంకును తిరగేసి, లోపలివైపున్న గుంటల్లో వేళ్ళు పెట్టారు. ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి, దారి తెలిసినట్టు పోయాయి ఆ వేళ్ళు.

"బాగా తట్టింది," అన్నారు మెల్లగా.

"ఎవరు?"

"ఈ అడుగు మూసినావిడ. సారె మీంచి దించినప్పుడు కుండకి అడుగే ఉండదు కదా. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ, ఆ మట్టినే సాగదీసి అడుగు మూస్తారు. మా ఇంట్లో నాన్న తిప్పేవాడు, అమ్మ తట్టేది. పెళ్ళయ్యేదాకా నేనూ తట్టాను."

అత్తాకోడళ్ళు పన్నెండేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. పుట్టింటి గురించి ఎవరడిగినా అత్తగారు "మావాళ్ళది చిన్న వ్యాపారం" అని మాట దాటేసేవారు. కుండల మీదే డాక్టరేటు చేసిన కోడలు ఏం వ్యాపారమని ఒక్కనాడూ గుచ్చి అడగలేదు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

"మట్టి పిసుక్కునే వాళ్ళమని కాపురానికొచ్చిన కొత్తలో ఒకరు నవ్వారులే. అయినా నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియనిదా అనుకున్నాను."

తెలియనిదే! రెండు చోట్లు కాదు, ఒకే ఇల్లు. ఇసుక ఒకటే కాక ఏమవుతుంది? అప్పుడు తెలిసింది తను చేసిన పొరపాటు. ఇన్ని నెలలూ మూతులూ అడుగులే కోసింది. ఆనవాలు లేని నడుము ముక్కలని పద్నాలుగో పెట్టెను మూలకు నెట్టేసింది. మేస్త్రీ పాపం వాటికీ ఒక్కటి వదలకుండా చీటీలు కట్టాడు.

ఆ పెట్టెలోంచి అరచేయంత ముక్క తీసి నిలువునా కోసింది. రెండు రోజులు దగ్గరుండి అరగదీసింది. శుక్రవారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే, పైన ఏటవాలుగా ఉన్న సందులు కిందికి వచ్చేకొద్దీ మెల్లగా వాలి, చివరికి గోడ వెంట అణిగిపోయాయి. మధ్యలో అతుకు లేదు. ఒకే కుండ, ఇద్దరి చేతులు.

పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. మేస్త్రీని పిలిపించింది, అత్తగారిని తనే వెళ్ళి తీసుకొచ్చింది. మేస్త్రీ వంగి చూశాడు. సందులు పైనుంచి కిందికి ఎలా వాలాయో ఆమె వేలితో గీసి చూపించింది.

"అయితే నేను కలపలేదన్నమాట," అన్నాడు.

"లేదు మేస్త్రీ గారూ. తప్పు నాదే. నన్ను క్షమించండి. అత్తయ్య చెప్పబట్టీ, మీరు అంత పదిలంగా సర్దబట్టీ ఇది బయటపడింది. మీకూ, అత్తయ్యకీ నేనేం చెప్పినా తక్కువే." కళ్ళు తుడుచుకుంది, దాచుకోలేదు.

ఆయన జేబులోంచి చీటీ తీశాడు. ఉద్యోగంలో ఆఖరి చీటీ. నంబరు వేసి, పెట్టె వేసి, తేదీ వేసి, 'కనుగొన్నవారు' అన్న గడి దగ్గర పెన్ను ఆపి అత్తగారి వైపు తిరిగాడు.

"మీ గురించి ఏమని రాయమంటారమ్మా?"

అత్తగారు కోడలి వంక చూశారు. తర్వాత చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

"కుండలు తట్టేవాళ్ళ అమ్మాయి అని రాయండి."

ఆయన గుండ్రటి అక్షరాలతో అలాగే రాశాడు.