నాలుక చాపిన రాయి

రోష్‌గ్రీవ్ కోటకు వచ్చే జనమంతా కాగే నూనె కోసమే వస్తారని గైడు ఆర్మెల్‌కు ఇరవయ్యారేళ్ళ అనుభవం. ఆయాసపడుతూ బురుజు ఎక్కుతారు, కిందికి తొంగిచూస్తారు, అడుగుతారు: "శత్రువుల నెత్తిన నూనె పోసేది ఇక్కణ్ణుంచేనా?"

"అక్రోటు నూనె సీసా ఎంతో తెలుసా మెస్యూ? ఆ రోజుల్లో దీపంలోకే గతి లేదు. రాళ్ళేసేవాళ్ళు. రాళ్ళయితే ఊరికే దొరుకుతాయి" అంటుంది ఆమె. అడిగినవాడి మొహం వాడిపోతుంది. రోజుకు నాలుగుసార్లు ఆమెకు దొరికే సంతోషం అదొక్కటే.

ఆమెకు జనమంటే చులకన. రబ్బరు చెప్పులేసుకుని కోటలు ఎక్కేవాళ్ళంటే చులకన. ఫోను ఎత్తిపట్టుకుని కళ్ళతో ఏమీ చూడనివాళ్ళంటే చులకన. చివర్లో గుమ్మం దగ్గర గైడు చేతిలో నాణెం పెట్టకుండా, కొండల అందం అప్పుడే కనిపించినట్టు అటు చూస్తూ జారుకునేవాళ్ళంటే మరీను. అందరికంటే అసహ్యం మాత్రం అబద్ధాలు చెప్పే గైడులంటే. పక్క లోయ కోటలో ఒకడు సీజనంతా ఒక దయ్యం మీద బతుకుతున్నాడు. తను మాత్రం ఈ గోడల మధ్య ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పేది.

ఆ గురువారం పదకొండు గంటలకు వచ్చిన ముప్పై మందిలో లుడోవిక్ కాస్తాన్ కూడా ఉన్నాడు. కోట మునిసిపాలిటీది. ఉపమేయరు హోదాలో దాని బాగోగులు చూసేది అతనే. అంతకుముందు బాత్రూమ్ టైల్సు అమ్మేవాడు, చూపు ఇంకా అలాగే ఉంది. ఏ గది చూసినా పొడవూ వెడల్పూ కొలుస్తున్నట్టే ఉంటుంది.

మార్చిలో అతను ఆర్మెల్‌ను కూర్చోబెట్టి, ఆమె చెప్పేదంతా గదికో నంబరు వేసి, ఆ నంబరు నొక్కితే వినిపించే చెవియంత్రాల్లోకి రికార్డు చేయించాడు. చూపు లేనివాళ్ళ కోసం అన్నాడు. ఆమె నమ్మింది. జులై నుంచి ఆ యంత్రాలు చూపున్నవాళ్ళ మెడల్లో కూడా వేలాడుతున్నాయి.

"ఇవాళ ఒక చెవితో యంత్రాన్ని వింటాను, ఇంకో చెవితో మిమ్మల్ని" అన్నాడు కాస్తాన్, గుమ్మంలోనే. "దానికంటే మీరు ఎక్కువేం ఇవ్వగలరో చూద్దాం మదాం. ఏమీ లేదంటే, సెప్టెంబరు ఒకటి నుంచి ఇక మీకు శ్రమ అక్కర్లేదు. మీ మీద కోపంతో అంటున్నది కాదు."

ఆర్మెల్‌కు యాభై ఎనిమిది. ఈ కోట తప్ప ఇంకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఒళ్ళు మండినా నవ్వు తెచ్చుకుని నడిచింది.

ఆ నవ్వు కూడా నిలవనివ్వని ముసలాయన ఒకడు గుంపు వెనకాల ఉన్నాడు. అరిగిన కార్డురాయ్ ప్యాంటు, ఎడమ చెవికి చిన్న బంగారు పోగు. ఆమె చెప్పేది వినకుండా, గేదె వీపు తట్టినట్టు గోడల్ని తడుతున్నాడు.

"ముట్టుకోకండి పెద్దాయనా! ఏడొందల యాభై ఏళ్ళు నిలబడింది. మీ చెయ్యి లేకపోయినా నిలబడుతుంది."

"అంతేనంటారా" అన్నాడతను, చెయ్యి జేబులో పెట్టుకుంటూ.

భోజనశాలకు వచ్చేసరికి ఆర్మెల్ గొంతు మారింది. ఇది యంత్రంలో పద్నాలుగో నంబరు. ఇరవయ్యారేళ్ళుగా ఆమె ఎవరినీ వెక్కిరించకుండా చెప్పే మాటలు ఇవి మాత్రమే. ఎప్పటిలాగే గోడకు వీపు పెట్టి, జనం వింటున్నారో లేదో చూసుకుని, వేలు మాత్రం వెనక్కి ఎత్తింది.

"దూలాన్ని మోస్తున్న ఆ రాయి చూడండి. నాలుక చాపిన మొహం. పదమూడో శతాబ్దంలో చెక్కాడు ఎవరో రాతిపనివాడు. అతనికి పేరు లేదు, సమాధి లేదు. కింద దొర మాంసం తింటుంటే పైనుంచి వెక్కిరించాడు. ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉన్నాడు. దొరలు మిగిల్చినవన్నీ డాబు. ఈ కోటలో నిజాయితీగా మిగిలింది ఆ నాలుక ఒక్కటే."

కాస్తాన్ ప్రతి మాటకూ తలాడిస్తున్నాడు. యంత్రానిదీ ఆమెదీ ఒకటే గొంతు, ఒకటే మాట.

అప్పుడే ముసలాయన పకపకా నవ్వాడు.

"ఏమిటంత నవ్వొచ్చింది?" అంది ఆర్మెల్.

"పేరు లేకేం తల్లీ? ఫుల్‌క్రాన్ బెసియేర్. నేనే. డెబ్బై రెండులో ఈ కప్పు బాగుచెయ్యడానికి మా జట్టు వచ్చింది. పాత రాయి పగిలిపోతే ఇది చెక్కి పెట్టాను. అది వెక్కిరిస్తున్నది దొరను కాదు, పారిస్ నుంచి దిగిన ఆర్కిటెక్టును. మధ్యాహ్నం భోజనానికి మాకు గంటన్నర ఉండేది. అరగంట చేశాడు దరిద్రుడు! సూప్ గిన్నె ఖాళీ కాకముందే ఈల ఊదేవాడు. జున్ను ముక్క నోట్లో పెట్టుకుని నిచ్చెన ఎక్కినవాణ్ణి నేను!"

"అరగంటా!" అంది గుంపులో ఒకావిడ, గుండె మీద చెయ్యేసుకుని.

"అలాంటివాడి మీద పొయ్యాలి కాగే నూనె!" అన్నాడు ఆమె భర్త. అందరూ ఔనన్నారు.

"అబద్ధం" అంది ఆర్మెల్. గొంతు ఆమెకే కీచుగా వినిపించింది.

"గడ్డం కింద చూడండి. ఎవరైనా ఫోను వెలిగించండి బాబూ."

గుంపులోంచి రబ్బరు చెప్పుల మనిషి ఒకడు ఫోను ఎత్తాడు. ఆర్మెల్ గోడ వైపు తిరిగి, మొహం కిందికి వెళ్ళి తలెత్తింది. రాతి గడ్డం నీడలో రెండక్షరాలు, ఒక సంవత్సరం. ఎఫ్.బి. 1972. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అక్కడ నిలబడలేదు. జనం కళ్ళ సంగతే చూసుకుంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

జనం ఆమెను వదిలేసి ముసలాయన్ని చుట్టేసి బయటికి తీసుకుపోయారు. గుమ్మం దగ్గర ఎవరూ నాణెం పెట్టలేదు. ఆమె కూడా చెయ్యి చాపలేదు.

"చూశారా మెస్యూ కాస్తాన్?" అంది, చివరి ఆశతో. "గైడు ఉంది కాబట్టి తప్పు బయటపడింది. యంత్రమైతే ఏం చేసేది?"

"యంత్రమైతే ఆయన నోరు తెరిచేవాడే కాదు మదాం. దానితో ఎవరూ వాదించరు. ముప్పై మంది ముందు దాని పరువూ పోదు." అతను మెడలోంచి యంత్రం తీశాడు. "సెప్టెంబరు ఒకటి."

"అయితే పద్నాలుగు తీసేయించండి. అది నా గొంతు. అబద్ధం చెబుతోంది."

"జనం ఎక్కువగా నొక్కేది ఆ నంబరే. ఉండనివ్వండి." యంత్రాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "జనం కోరే నూనె మీరూ ఇన్నేళ్ళూ బాగానే పోశారు కదా! ఇది టికెట్ల దగ్గర ఇచ్చెయ్యండి." కొండల వైపు చూస్తూ వెళ్ళిపోయాడు.

జనం ఫొటోలు తీసుకుని పోయాక ముసలాయన బయట బెంచీ మీద రొట్టె, సాసేజి, జున్ను పరుచుకుని తీరిగ్గా తింటున్నాడు. ఆర్మెల్ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మీ నవ్వుతో నా ఉద్యోగం ఊడింది."

అతను నమలడం ఆపాడు. "నోరు మూసుకుని ఉండాల్సింది, తప్పే. కానీ మీరలా చెబుతుంటే ఉండలేకపోయానమ్మా. నలభై ఐదేళ్ళు రాళ్ళు చెక్కాను. బాగుందని ఒక్కడూ అనలేదు. మా ఆవిడైతే, ఒంటిమీది దుమ్ము దులుపుకుని లోపలికి రమ్మనేది, అంతే." ఆమె చేతిలోది చూశాడు. "అందులో ఉన్నాయా ఆ మాటలు?"

ఆమెకు తిట్టాలనే ఉంది. తిట్లన్నీ నాలుక చివరనే ఉన్నాయి. అయినా అతని పోగున్న చెవికి యంత్రం తగిలించి పద్నాలుగు నొక్కింది. అతను జున్ను ముక్క చేతిలోనే పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎంత బాగా చెప్పారమ్మా" అన్నాడు అయిపోయాక, మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఆ చెక్కినవాడు ఎవడోగానీ గొప్పవాడు."

"పదమూడో శతాబ్దం వాడు" అంది ఆర్మెల్. మళ్ళీ పద్నాలుగు నొక్కింది.