రంజన్ మీద మూత

దసరా నాడు కూడా మిట్టమధ్యాహ్నం దాకా కాంక్రీటు కోసి, ఆ కోసిన యంత్రానికే ఆయుధపూజ కోసం తలంటు పోయడం అంజయ్య వంతయింది. పటాన్‌చెరులో కొత్తగా లేస్తున్న ఆ ఫ్యాక్టరీ గచ్చు బీటలు వారకుండా అందులో గీతలన్నీ వారంలోగా కోయాలని కాంట్రాక్టరు వెంకటనారాయణ సేటు ఆజ్ఞ. ఆరు రూపాయల దినకూలీకి ఆజ్ఞాపాలన కూడా కలిసే ఉంది.

పెట్రోలు ఇంజనుతో తిరిగే ఆ కోత మిషను చక్రం సామాన్యమైనది కాదు. విష్ణుమూర్తి చక్రానికి తొడుగు లేదు, సేటుగారి చక్రానికీ లేదు. అయితే విష్ణుచక్రం శత్రువును వెతుక్కుంటూ పోతుంది. సేటుగారిది అంత శ్రమపడదు, దగ్గరున్నవాడితో సరిపెట్టుకుంటుంది.

పుట్టుకతో దానికీ ఇనుప తొడుగు ఉండేది. పోయిన దసరాకు, కుంకుమ ఇనుప చక్రానికే తగలాలని పంతులు సెలవిస్తే తొడుగు విప్పారు. విప్పాక గీత బాగా కనపడుతోందని, పని జల్దీ సాగుతోందని సేటు కనిపెట్టాడు. ఆ గుండ్రటి తొడుగుకు పదోన్నతి లభించి, ఆఫీసు గదిలో సేటు తాగే నీళ్ళ మట్టికుండ, రంజన్ మీద మూతగా కొలువుదీరింది. చక్రాన్ని చల్లబరిచే నీళ్ళ పైపు కూడా అప్పుడే పోయింది. తడిపి కోస్తే బురద, తడపకుండా కోస్తే దుమ్ము. బురద ఎత్తడానికి ఇద్దరు కూలీలు కావాలి. దుమ్ము ఎత్తడానికి ఉన్న కూలీల ఊపిరితిత్తులే చాలు.

ఆషాఢంలో గచ్చులోని ఇనుప చువ్వ తగిలి మిషను ఎగిరిపడింది. అంజయ్య బామ్మర్ది యాదన్న కాలు మోకాలి కింద తెగిపోయింది. సేటు డజను బత్తాయిలతో దవాఖానకు వచ్చి, ఘటనకు కారణం కూడా తానే తేల్చి చెప్పాడు: "మిషన్‌కు కట్టిన నిమ్మకాయలు వాడిపోయినయి. ఎవ్వడు మార్చలే. మిషన్ ఊకుంటదా?"

ఆ మాట అంజయ్య మూడు నెలలుగా నములుతున్నాడు. మింగలేదు, ఉమ్మలేదు.

ఇప్పుడు చక్రం కడిగి, అలవాటుగా పానా పిడితో తట్టి చూశాడు. అతని తల్లి కుండలు అమ్మేది. ఏ కుండ నిలుస్తుందో, ఏది పగిలిందో చెవితో చెప్పడం అతనికి అక్కడే అబ్బింది. మంచి చక్రం ఖంగుమంటుంది. ఇది టప్పుమంది. వంగి చూస్తే, నడిమి బెజ్జం నుంచి వెంట్రుకంత సన్నని పగులు. తిప్పితే ఏ క్షణాన ముక్కై ఎగురుతుందో తెలియదు.

పూజయ్యాక జానెడు తొలి కోత యజమాని కోయాలన్నది ఆనవాయితీ. పోయినేడు సేటే కోశాడు.

అంజయ్య పసుపు ముద్ద తీసి పగులు మీద దట్టంగా మెత్తాడు. దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

సేటు కొత్త పట్టుపంచెతో వచ్చాడు. "ఏంరా అంజీ, నిమ్మకాయలు కట్టినవా?"

"కట్టిన సేటు."

"తాజావేనా?"

"యాదన్న పుండు లెక్క పచ్చిగున్నయి."

సేటుకు కొన్ని మాటలు వినపడవు. హారతి అయింది, టెంకాయ పగిలింది. మిషను దగ్గరికి నడిచినవాడు, గచ్చు మీది తెల్లదుమ్మునూ తన పట్టుపంచెనూ మార్చి మార్చి చూసి, నీళ్ళు మోసే ముసలి పెద్దరాములు వైపు తిరిగాడు.

"రా పెద్దరాములూ. ఈయేడు తొలి కోత నీదే. నీది సల్లని చెయ్యి."

"నాకా సేటు? మా అయ్యకు గూడ గింత మర్యాద కాలే." పుట్టి అరవై ఏళ్ళయినా దేనిలోనూ మొదటివాడు కాని పెద్దరాములు చెప్పులు విడిచి, రుమాలు సర్దుకుని, సరిగ్గా చక్రానికి ఎదురుగా వచ్చి దండం పెట్టాడు.

అంజయ్య పగకు ఇంతటి అవమానం ఎన్నడూ జరగలేదు. మూడు నెలలు మేపిన పోట్లగిత్త కట్టు తెంచుకుని తన వాళ్ళ చేనులోనే పడింది.

"ఆగు తాతా," అని ఇంజను స్టార్టు చేసే తాడు పట్టుకున్నాడు. పసుపు గీకేసి, పానాతో చక్రాన్ని తట్టాడు.

టప్.

ఇసుక మోసే బీరమ్మ తల ఎత్తింది. "పగిలిన కుండ," అంది మెల్లగా.

సేటు మొహం పాలిపోయింది. "నీకు ముందే ఎరికనా?"

"ఎరికే. మీరు కోస్తరని పసువు మెత్తిన."

"అంటే... నన్ను సంపుదామనుకున్నవా?"

"అనుకున్న సేటు. యాదన్న గురించి మీరు ఏమీ అనుకోలే. మీ గురించి నేను అనుకున్న. గంతే ఫరక్."

అంజయ్య ఆఫీసులోకి వెళ్ళి, రంజన్ మీది తొడుగు తీసుకొచ్చి మిషను పక్కన పెట్టాడు.

"కొత్త చక్రం, ఈ మూత, నీళ్ళ పైపు. మూడు వెట్టినంకనే నేను తాడు గుంజుత. అందాక ఎవ్వల్ని గుంజనియ్య. అంత జల్దీ ఉంటే మీరే గుంజుండ్రి."

తాడు కొసను టెంకాయ చిప్పల మధ్య పళ్ళెంలో పెట్టాడు. సేటు చెయ్యి పంచె కుచ్చెళ్ళు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. పెద్దరాములు చెప్పులు తొడుక్కుని చక్రం దారిలోంచి పక్కకు జరిగాడు.

గాలి లేచింది. పొద్దుటి కోత పొడి ఆఫీసు గుమ్మం దాటి, మూత లేని రంజన్‌లో తెల్లగా పడుతోంది. సేటు చూశాడు, కూలీలందరూ చూశారు. మూయడానికి ఒక్కరూ కదలలేదు.