ప్లాటినం మోసిన క్యాను

నేను ఒక ప్లాస్టిక్ క్యానుని. పాలకో నూనెకో పనికొస్తాననుకుంటే, క్యాన్సర్ ఆసుపత్రిలో మూత్రం పట్టడానికి పెట్టారు. మొదట నా మొహం చిన్నబోయింది. తర్వాత తెలిసింది, నేను మోసేది ప్లాటినమని! నగల కొట్లో అద్దాల వెనక మెరిసే ఆ లోహంతోనే మందు చేసి నరంలోకి ఎక్కిస్తారట. అందులో ఎంత బయటికి పోతోందో కొలవాలంటే ఒక రోజు మూత్రమంతా నాలో పట్టాలి.

నా వంతుకి వచ్చిన మనిషి పేరయ్య గారు, పడవలు కట్టే వడ్రంగి. "సూసేవా, ఒంట్లో ప్లాటినం ఏయించుకున్నాను. నీ ముక్కుపుడక ఏపాటిది?" అని భార్య నాగరత్నాన్ని ఆటపట్టించారు. ఆవిడ నవ్వింది. నవ్వుతూనే నా మీది కొలత గీతలకేసి చూసింది.

మూత్రం సరిగా రాకపోతే కిడ్నీలు దెబ్బతింటాయనీ, తర్వాతి డోసు ఆపేస్తారనీ నర్సు చెప్పింది. నాగరత్నం చెవిలో ఆ చివరి మాటే ఉండిపోయింది. మందు ఆగితే మనిషి దక్కడని ఆవిడ భయం. సాయంత్రానికి నేను సగం కూడా నిండలేదు. ఆయన కునుకు తీస్తుండగా, తను తాగడానికి ఉంచుకున్న మంచినీళ్లన్నీ నాలో ఒంపేసింది. నాకు నోరుంటేనా!

మర్నాడు నన్ను తువ్వాలు చాటున ల్యాబుకి తెచ్చింది. అక్కడ పనిచేసే షహనాజ్ నా మూత తీసి, రంగు చూసి, పరీక్ష చేసి, ఆవిడని లోపలికి పిలిచింది.

"నిజం చెప్పండమ్మా, నీళ్లు కలిపారా?"

నాగరత్నం కళ్లనీళ్లు పెట్టుకుంది. "మందు ఆపేత్తారేమోనని బయమేసిందమ్మా. ఆయనకి సెప్పకండి."

"నీళ్లు పోసినా ప్లాటినం ఎక్కడికీ పోదమ్మా, ఉన్నది ఉన్నంతే. కానీ ఆయనకి మూత్రం తక్కువొస్తోందని డాక్టరు గారికి తెలియాలి కదా! పదండి, ఇప్పుడే చెబుదాం."

ఆ పూటే సెలైన్ పెంచారు.

మరునాడు నేను ల్యాబు మూల పసుపు సంచి పక్కన ఉన్నాను. ఆ సంచిలో పడినవన్నీ మంటల్లోకే. అప్పుడు వచ్చింది నాగరత్నం. ఈసారి తువ్వాలు లేదు. నిండుగా ఉన్న కొత్త క్యానుని రెండు చేతులా పట్టుకుని, వరండాలో అందరి ముందునుంచే నడిచి వచ్చింది.

"సుక్క నీళ్లు కలపలేదమ్మా. అంతా ఆయనదే!"

షహనాజ్ నవ్వుతూ అందుకుంది. నాగరత్నం నన్ను గుర్తుపట్టలేదు. పోనీలెండి. నన్ను సంచిలోకి దించుతుంటే అడుగున మిగిలిన తడి కదిలింది. అందులో ఆయన ప్లాటినం ఎంతో యంత్రం చెప్పేసింది. దాహాన్ని ఓర్చుకుని ఆవిడ పోసిన నీళ్లెన్నో నాకొక్కదానికే తెలుసు.