యాభై ఒకటో కొలత

బుగ్గవంక పొంగి కడప వీధుల్ని ముంచెత్తిన ఏడాది సంగతి ఇది. బాలసుబ్బయ్య అప్పుడు కువైట్‌లో, మిష్రిఫ్‌లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఒక ముసలి కఫీల్ ఇంట్లో పనిచేస్తున్నాడు. ఆ ముసలాయనకు తన పెద్ద రివాల్వరంటే ప్రాణం. కొన్న తూటాలు ఆయనకు ఆనవు. నేలమాళిగలో సీసం కరిగించి బొటనవేలంత గుండ్లు పోయించి, కాల్చిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్ళీ తుపాకిమందు నింపించుకునేవాడు.

ఆ పని మొదట తిమ్మయ్యది. బాలసుబ్బయ్యకు నేర్పింది కూడా అతనే. కళ్ళంలో వడ్లు కొలిచినట్టే మందు కొలిచేవాడు. మొదటి కొలతకు ఒకటి అనడు, "లాభం" అంటాడు. తర్వాత రెండు, మూడు. మధ్యలో లేస్తే పాత లెక్క అందుకోకూడదు, మళ్ళీ లాభంతోనే ఎత్తుకోవాలి. రెండేళ్ళ కిందట మందు పోసే కుర్చీలోనే, నలభై తొమ్మిది అంటూ తల వాల్చి ప్రాణం వదిలాడు. అప్పట్నుంచి బాలసుబ్బయ్య లెక్క నలభై తొమ్మిదికి వచ్చేసరికి, వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టుండేది. అతను తిరిగి చూసేవాడు కాదు.

ఆ గురువారం మధ్యాహ్నం యాభై గొట్టాలు వరసగా నిలబెట్టి మందు పోస్తుంటే, వంటమనిషి వెంకటేశ్వరి మెట్ల మీంచి అరిచింది.

"సుబ్బన్నా, పోలేరమ్మక్క ఫోను! ఇంట్లోకి నీళ్ళొచ్చినాయంట!"

పరుగెత్తాడు. పక్కింటి మిద్దెక్కి బతికామనీ, ఇల్లు కూలిందనీ పెళ్ళాం పోలేరమ్మ చెప్పగానే లైను తెగింది. కిందికొచ్చి, "లాభం" అని మొదలుపెట్టాడు. ఇరవై ఎనిమిదితో వరస ముగిసింది. గుండ్లు బిగించి, తూటాలు డబ్బాలో పోసి, టీకి పైకెళ్ళాడు.

"ఏం లెక్కలన్నా అవి? ఫోను పట్టుకోని గూడా ఇరవై మూడు, ఇరవై మూడు అని గొణగతాంటివే. తిమ్మయ్య మామ పూనినాడా ఏమి?" అంది వెంకటేశ్వరి టీ ఇస్తూ.

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. ఇరవై మూడు. ఫోను తర్వాత ఇరవై ఎనిమిది.

"యాభై ఒకటి," అంది నేలమాళిగలోంచి తిమ్మయ్య గొంతు.

"వింటివా?"

"ఏంది వినేది? నీళ్ళ పంపు మోతన్నా అది."

గొట్టాలు యాభయ్యే. అంటే ఒకదాంట్లో రెండు కొలతలు పడ్డాయి. గొట్టం లోతు ఎక్కువ, మందు అడుగునే ఉంటుంది. రెండోసారి పోసినా పొంగదు. చేత్తో పోసిన గుండ్లు ఒక్కోటీ ఒక్కో బరువు, అందుకే తూకానికీ దొరకదు. అది పేలితే రివాల్వరుతోపాటు కఫీల్ చెయ్యీ పోతుంది. తెల్లారితే ఎడారికి పోయి కాలుస్తాడు. అన్నీ విప్పి మళ్ళీ నింపడానికి ఒక్క రాత్రి చాలదు.

"చెప్పెయ్‌న్నా," అంది వెంకటేశ్వరి, విషయం విని.

"చెప్తే ఊరికి తరుముతాడు. ఆడ ఇల్లే లేదు గదమ్మా ఇప్పుడు."

పొద్దుగూకేదాకా ఆ గొంతు అదే అంకె అంటూనే ఉంది.

మర్నాడు ఉదయం కఫీల్ కారు దగ్గర చెయ్యి చాచాడు.

"యల్లా, తొందరగా తే డబ్బా."

"లా, వద్దు బాబా. ఒకదాంట్లో మందు రెండింతలుంది. ఏదో తెలీదు. తప్పు నాది," అన్నాడు బాలసుబ్బయ్య, వచ్చీరాని అరబ్బీలో.

కఫీల్ చాచిన చెయ్యి దించాడు. "ఖలాస్, ఇంక చాలు. ఊరికి పో," అన్నాడు.

బాలసుబ్బయ్య తలూపి, డబ్బాతో మెట్లు దిగాడు. తిమ్మయ్య పోయిన ఆ కుర్చీలోనే కూర్చుని ఒక్కో తూటా విప్పసాగాడు. నలభై తొమ్మిదోది విప్పితే పళ్ళెంలో మందు రెండింతలు రాలింది. వెనక బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది.

ఈసారి తిరిగి చూశాడు. "సరిపాయ మామా," అన్నాడు. తర్వాత యాభయ్యోదీ విప్పాడు.