నూనె రాసిన కమాను

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు నూజివీడు మామిడి ఉత్సవంలో తొమ్మిదిమంది లంబాడీ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. ఒక్కరూ అడుగు కదపలేదు.

ముందు నిలబడ్డ బాణావత్ సీతాబాయి, స్టేజీ పక్కగా కింజ్రి పట్టుకుని కూర్చున్న ముసలి రూప్లా వైపే చూస్తోంది. రెడ్డిగూడెం వైపు తండాల్లో కింజ్రి వాయించేవాడు ఇక అతనొక్కడే. దానికి రెండు తీగలు, వయొలిన్‌కున్నట్టు గుర్రపు వెంట్రుకల కమాను. కింజ్రి మీద వంశంలో పెద్దల పేర్లు పలికాకే ఆట మొదలవ్వాలి. బొమ్మలా కూర్చోబెడతారని రూప్లా ముందు రానన్నాడు. "నీ వాయింపు లేందే మేం ఆడం కాకా" అని మాటిచ్చి తీసుకొచ్చింది సీతాబాయే.

రూప్లా కమాను లాగాడు. పలకలేదు. మళ్ళీ లాగాడు. వెంట్రుకలు వేళ్ళతో తడిమి వాసన చూశాడు.

"కొబ్బరినూనె" అన్నాడు.

తెర పక్కనున్న వాలంటీరు దీప్తి ముఖం పాలిపోయింది. "తెల్లగా పొడి పట్టి ఉందండీ. ఫొటోల్లో మెరుస్తుందని తుడిచి, కాస్త నూనె రాశాను."

ఆ పొడి గుగ్గిలం. అది లేనిదే తీగ పలకదు.

ఉత్సవ కన్వీనరు దుర్గాప్రసాద్, మామిడికాయల వ్యాపారి, గబగబా వచ్చాడు. "ఏం పర్లేదమ్మా, పెన్‌డ్రైవ్‌లో పాటుంది. తాత ఊరికే చెయ్యి ఆడిస్తే చాలు."

"ఆయన పలికేది మా తాతల పేర్లండీ. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయా?" అంది సీతాబాయి.

"పేర్లెవరు వింటారమ్మా? జనం మీ అద్దాలూ గాజులూ చూస్తారు."

"అయితే మీ ఇంట్లో పెళ్ళికి పంతులుగారిని కూడా ఊరికే పెదాలాడించమనండి."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. దుర్గాప్రసాద్ గొంతు పెంచాడు. "పిలిచి స్టేజీ ఇస్తే ఇదా మర్యాద? ఓ నూనె చుక్కకి ఇంత గొడవేంటి?"

"నూనె గురించి కాదండీ. ఆ పిల్ల తెలీక రాసింది, ఏమీ అనను. అన్నీ తెలిసిన మీరు ముసలాయన్ని దొంగ వాయింపు వాయించమంటున్నారే, దానికి! కాకా నూనె వదిలించి గుగ్గిలం పట్టిస్తాడు. మమ్మల్ని చివర్లో పిలవండి."

"చివర్లో సినిమా పాటలు. కుదరదు."

"లే కాకా" అంది సీతాబాయి. రూప్లా కింజ్రిని గుడ్డలో చుట్టుకున్నాడు. పదిమందీ మెట్లు దిగి, జనం మధ్యలోంచి ట్రాలీ ఆటో దగ్గరికి నడిచారు.

అతిథులకు పూలివ్వడానికి అద్దె లంబాడీ బట్టల్లో నిలబెట్టిన కాలేజీ అమ్మాయిలను స్టేజీ ఎక్కించారు. ఏడింటికి పెన్‌డ్రైవ్ పాట మొదలైంది. మైకులో దాన్ని లంబాడీ నృత్యమనే చెప్పారు.